విలోమ త్రికోణమితీయ ప్రమేయాలు, శృంఖల నియమం: తరచుగా అడిగే ప్రశ్నలు

సైన్⁻¹, కాస్⁻¹, టాన్⁻¹ వంటి ప్రమేయాల లోపల వట్టి ఎక్స్ కాకుండా 3ఎక్స్, √ఎక్స్, 2ఎక్స్/(1+ఎక్స్²) వంటి మరో ప్రమేయం ఉన్నప్పుడు అవకలజం ఎలా కనుక్కోవాలన్నది ఇక్కడి విషయం. సూత్రాలు ఆరే, అవి నోటికి రావడానికి ఒక పూట చాలు. అయినా ఈ అధ్యాయంలో తప్పులు ఎక్కువగా దొర్లుతున్నాయంటే అందుకు కారణం సూత్రం మరచిపోవడం కాదు, √(టి²) కనబడగానే దాన్ని టి అని రాసేసి, టి రుణాత్మకమైతే ఏమవుతుందో ఆగి చూడకపోవడం. కింది జవాబుల్లో చాలావరకు, దారులు వేరైనా, చివరికి ఆ ఒక్క చోటికే వస్తాయి.

సైన్⁻¹ ఎక్స్ అంటే 1/సైన్ ఎక్స్ కాదా?

కాదు. ఇక్కడి −1 ఘాతాంకం కాదు, విలోమ ప్రమేయాన్ని సూచించే గుర్తు మాత్రమే. సైన్ విలువ ఎక్స్ కావాలంటే కోణం ఎంత ఉండాలి అన్న ప్రశ్నకు జవాబు సైన్⁻¹ ఎక్స్. ఈ సంకేతాన్ని 1813లో జాన్ హెర్షెల్ వాడుకలోకి తెచ్చాడు. సైన్² ఎక్స్ అన్నప్పుడు మాత్రం 2ను ఘాతాంకంగానే చదువుతాం కాబట్టి విద్యార్థి తికమకపడడంలో అతని తప్పేమీ లేదు; అందుకే కొందరు ఆర్క్‌సైన్ అని రాయడానికి ఇష్టపడతారు. రెండింటి అవకలజాలకూ పోలికే లేదు: 1/సైన్ ఎక్స్ అవకలజం −కొసీక్ ఎక్స్ కాట్ ఎక్స్, సైన్⁻¹ ఎక్స్ అవకలజం 1/√(1−ఎక్స్²).

ఆరు సూత్రాలు ఏవి? అవి ఎక్కడెక్కడ చెల్లుతాయి?

సైన్⁻¹ ఎక్స్ → 1/√(1−ఎక్స్²), |ఎక్స్| < 1
కాస్⁻¹ ఎక్స్ → −1/√(1−ఎక్స్²), |ఎక్స్| < 1
టాన్⁻¹ ఎక్స్ → 1/(1+ఎక్స్²), ఎక్స్ ఏ వాస్తవ సంఖ్యయినా
కాట్⁻¹ ఎక్స్ → −1/(1+ఎక్స్²), ఎక్స్ ఏ వాస్తవ సంఖ్యయినా
సీక్⁻¹ ఎక్స్ → 1/(|ఎక్స్|√(ఎక్స్²−1)), |ఎక్స్| > 1
కొసీక్⁻¹ ఎక్స్ → −1/(|ఎక్స్|√(ఎక్స్²−1)), |ఎక్స్| > 1

నిజానికి గుర్తుపెట్టుకోవలసినవి మూడే. సైన్⁻¹ ఎక్స్ + కాస్⁻¹ ఎక్స్ = పై/2 అనే స్థిరరాశి కనుక, ఆ రెండింటి అవకలజాల మొత్తం సున్నా కావాలి; అంటే ఒకటి మరొకదానికి రుణాత్మకం. మిగతా రెండు జతల సంగతీ అంతే.

ఈ సూత్రాలు ఎక్కడి నుంచి వచ్చాయి?

బయటి ప్రమేయం అవకలజాన్ని లోపలి ప్రమేయం అవకలజంతో గుణించమనే శృంఖల నియమం (చైన్ రూల్) నుంచే వచ్చాయి, అందువల్ల ఉపపత్తిని ఒకసారి చేతితో రాసి చూడడం మంచిది. వై = సైన్⁻¹ ఎక్స్ అనుకుంటే, సైన్ వై = ఎక్స్. ఇరువైపులా ఎక్స్ పరంగా అవకలనం చేద్దాం. ఎడమ పక్కన వై అనేది ఎక్స్ మీద ఆధారపడిన రాశి కాబట్టి చైన్ రూల్ ప్రకారం కాస్ వై · (డివై/డిఎక్స్) వస్తుంది; కుడి పక్కన 1 వస్తుంది. కాబట్టి డివై/డిఎక్స్ = 1/కాస్ వై.

ఇక కాస్ వై ని ఎక్స్‌లో చెప్పాలి. కాస్² వై = 1 − సైన్² వై = 1 − ఎక్స్². దీని నుంచి కాస్ వై అంటే +√(1−ఎక్స్²) కావచ్చు, −√(1−ఎక్స్²) అయినా కావచ్చు. చాలా నోట్సుల్లో ఈ చోట ఒక్క మాట కూడా లేకుండా ధన గుర్తు రాసి ముందుకు పోతారు. ఆ గుర్తును నిర్ణయించేది సైన్⁻¹ వ్యాప్తి: వై ఎప్పుడూ −పై/2 నుంచి పై/2 వరకు ఉన్న అంతరంలోనే ఉంటుంది, ఆ అంతరంలో కొసైన్ రుణాత్మకం కాదు, అందుకే ధన గుర్తు. ప్రధాన శాఖగా పై/2 నుంచి 3పై/2 వరకు ఉన్న అంతరాన్ని ఎంచుకొని ఉంటే, సూత్రం ముందు రుణ గుర్తు ఉండేది.

ఇక్కడ వై అవకలనీయం అని ముందే అనుకున్నామన్న అభ్యంతరం న్యాయమైనదే. కాస్ వై సున్నా కాని చోట విలోమ ప్రమేయం అవకలనీయమేనని విలోమ ప్రమేయ సిద్ధాంతం హామీ ఇస్తుంది; కాస్ వై సున్నా అయ్యేది ఎక్స్ = ±1 వద్ద మాత్రమే, అవి రెండూ సూత్రం పరిధిలో లేనే లేవు.

జవాబులో త్రికోణమితి ఆనవాలే మిగలదు, ఎందుకు?

సైన్ వై తెలిసినప్పుడు కాస్ వై కోసం కోణాన్ని లెక్కకట్టనక్కర లేదు. కర్ణం 1, ఎదుటి భుజం ఎక్స్ అయిన లంబకోణ త్రిభుజంలో మూడో భుజం √(1−ఎక్స్²) అని పైథాగరస్ సిద్ధాంతమే చెబుతుంది. కోణం ప్రశ్నలో ఉంటుంది, జవాబుకు వచ్చేసరికి భుజాలు మాత్రమే మిగులుతాయి.

ఇది చిన్న విశేషం కాదు. టాన్⁻¹ ఎక్స్ అవకలజం 1/(1+ఎక్స్²) అనే మామూలు బీజీయ భిన్నం కావడం వల్లే, దాన్ని 1 − ఎక్స్² + ఎక్స్⁴ − … అని గుణశ్రేఢిగా విస్తరించి, పదం పదం సమాకలనం చేసి, టాన్⁻¹ ఎక్స్ = ఎక్స్ − ఎక్స్³/3 + ఎక్స్⁵/5 − … అన్న శ్రేణిని రాబట్టవచ్చు. యూరప్‌లో 1671 నాటికి జేమ్స్ గ్రెగొరీకి తెలిసిన ఈ శ్రేణి, అంతకు చాలా ముందే కేరళ గణిత సంప్రదాయంలో మాధవుడి పేరు మీద ఉంది. 1706లో జాన్ మాచిన్ టాన్⁻¹(1/5), టాన్⁻¹(1/239)లకు దీన్నే వాడి పై (π) విలువను 100 దశాంశ స్థానాల వరకు లెక్కగట్టాడు.

లోపల మరో ప్రమేయం ఉంటే శృంఖల నియమాన్ని ఎలా వాడాలి?

లోపలి ప్రమేయానికి యు అని పేరు పెట్టండి. బయటి ప్రమేయం సూత్రంలో ఎక్స్ ఉన్న ప్రతి చోటా యు మొత్తాన్ని రాసి, దాన్ని యు అవకలజంతో గుణించండి. ఉదాహరణకు

డి/డిఎక్స్ సైన్⁻¹(యు) = (1/√(1−యు²)) · (డియు/డిఎక్స్).

సైన్⁻¹(3ఎక్స్) తీసుకుందాం. యు = 3ఎక్స్, యు² = 9ఎక్స్², డియు/డిఎక్స్ = 3. జవాబు 3/√(1−9ఎక్స్²). జవాబు పత్రాలు దిద్దేటప్పుడు నాకు ఈ ఒక్క లెక్కలోనే మూడు రకాల తప్పులు మళ్లీ మళ్లీ ఎదురయ్యాయి. 3తో గుణించడం మరచిపోయి 1/√(1−9ఎక్స్²) రాసేవారు కొందరు. హారంలో యు బదులు ఎక్స్‌నే ఉంచి 3/√(1−ఎక్స్²) రాసేవారు కొందరు. 3ఎక్స్ మొత్తాన్ని వర్గం చేయకుండా 3/√(1−3ఎక్స్²) రాసేవారు ఇంకొందరు. మూడో తప్పుకు మందు చాలా చిన్నది: మొదట హారంలో (3ఎక్స్)² అని కుండలీకరణాలతో రాసి, తరువాతి వరుసలోనే దాన్ని విప్పాలి.

జవాబు చెల్లే అంతరం కూడా మారుతుంది. |యు| < 1 అంటే |3ఎక్స్| < 1, అంటే |ఎక్స్| < 1/3. సైన్⁻¹ పేరు చూడగానే అలవాటుగా |ఎక్స్| < 1 అని రాస్తే అది తప్పే.

టాన్⁻¹(√ఎక్స్)లో యు = √ఎక్స్, యు² = ఎక్స్, డియు/డిఎక్స్ = 1/(2√ఎక్స్). కాబట్టి జవాబు 1/(2√ఎక్స్ (1+ఎక్స్)). ప్రమేయం ఎక్స్ = 0 వద్ద నిర్వచితమే అయినా అవకలజం ఎక్స్ > 0 అయినప్పుడే ఉంటుంది, ఎందుకంటే లోపలి √ఎక్స్ సున్నా వద్ద అవకలనీయం కాదు.

టాన్⁻¹(ఎక్స్/కె) జవాబులో లవంలో కె ఉంటుంది, సైన్⁻¹(ఎక్స్/కె) జవాబులో ఉండదు. ఎందుకీ తేడా?

కె ధనాత్మక స్థిరరాశి అనుకుందాం. రెండింటిలోనూ చైన్ రూల్ వల్ల 1/కె అనే గుణకం వస్తుంది. టాన్⁻¹లో హారం 1 + ఎక్స్²/కె² = (కె²+ఎక్స్²)/కె² కాబట్టి లవంలోకి కె² వచ్చి, 1/కె తో కలిసి ఒక కె మిగులుతుంది: కె/(కె²+ఎక్స్²). సైన్⁻¹లో అదే కె² వర్గమూలం కింద ఉంటుంది కనుక బయటికి కె గానే వచ్చి, 1/కె తో సరిపోతుంది: 1/√(కె²−ఎక్స్²). కె రుణాత్మకమైతే √(కె²) = −కె, అప్పుడు సైన్⁻¹ జవాబుకు ముందు రుణ గుర్తు వస్తుంది; టాన్⁻¹ జవాబు మాత్రం మారదు.

రెండు కంటే ఎక్కువ పొరలు ఉంటే?

బయటి నుంచి లోపలికి ఒక్కొక్క పొరను విప్పుతూ గుణించుకుంటూ పోవడమే. √(టాన్⁻¹ 5ఎక్స్)లో బయట వర్గమూలం, మధ్యలో టాన్⁻¹, లోపల 5ఎక్స్ ఉన్నాయి. ఎక్స్ > 0 అయినప్పుడు అవకలజం

(1/(2√(టాన్⁻¹ 5ఎక్స్))) · (1/(1+25ఎక్స్²)) · 5.

మొదటి గుణకంలో టాన్⁻¹ 5ఎక్స్ చెక్కుచెదరకుండా అలాగే ఉండాలి. ఒక పొరను అవకలనం చేసేటప్పుడు దాని లోపలి పొరలను ముట్టుకోకూడదు. ఎక్స్ · టాన్⁻¹(ఎక్స్²) వంటి లబ్ధం ఉంటే ముందు లబ్ధ సూత్రం, అందులో రెండో పదానికి మాత్రమే శృంఖల నియమం: టాన్⁻¹(ఎక్స్²) + 2ఎక్స్²/(1+ఎక్స్⁴).

సీక్⁻¹ సూత్రంలో పరమ మూల్యం ఎందుకు? కొన్ని పుస్తకాల్లో అది లేదే?

వై = సీక్⁻¹ ఎక్స్ అయితే సీక్ వై టాన్ వై · (డివై/డిఎక్స్) = 1. వ్యాప్తి 0 నుంచి పై వరకు, పై/2ను వదిలేసి. ఎక్స్ > 1 అయితే వై మొదటి పాదంలో ఉండి సీక్ వై, టాన్ వై రెండూ ధనాత్మకం. ఎక్స్ < −1 అయితే వై రెండో పాదంలో ఉండి రెండూ రుణాత్మకం, లబ్ధం మళ్లీ ధనాత్మకమే. ఎటు చూసినా సీక్ వై టాన్ వై = |ఎక్స్|√(ఎక్స్²−1). గ్రాఫు గీసినా ఇదే తెలుస్తుంది: రెండు ముక్కలూ ఎడమ నుంచి కుడికి పైకే పోతాయి.

పరమ మూల్యం లేకుండా రాసే పుస్తకాలు ఎక్స్ ≤ −1 అయినప్పుడు వ్యాప్తిని పై నుంచి 3పై/2 వరకు తీసుకుంటాయి. అక్కడ టాన్ వై ధనాత్మకం, సీక్ వై రుణాత్మకం, అందుకే సూత్రం 1/(ఎక్స్√(ఎక్స్²−1)) అవుతుంది. రెండూ సరైనవే, కానీ ఒక పుస్తకంలోని వ్యాప్తినీ మరో పుస్తకంలోని సూత్రాన్నీ కలిపితే తప్పు తప్పదు. కాట్⁻¹ విషయంలో కూడా వ్యాప్తిని 0 నుంచి పై వరకు తీసుకునేవారూ, −పై/2 నుంచి పై/2 వరకు తీసుకునేవారూ ఉన్నారు. అదృష్టవశాత్తు అక్కడ, ఎక్స్ = 0 వద్ద తప్ప, అవకలజం మారదు.

సైన్⁻¹(2ఎక్స్/(1+ఎక్స్²)) అవకలజం 2/(1+ఎక్స్²) అని నేర్చుకున్నాం. అది అన్ని చోట్లా నిజమేనా?

కాదు. ఈ అధ్యాయం మొత్తంలో ఒక్క లెక్కే చేయడానికి సమయం ఉంటే, దీన్నే చేయమంటాను.

యు = 2ఎక్స్/(1+ఎక్స్²). భాగహార సూత్రం ప్రకారం డియు/డిఎక్స్ = 2(1−ఎక్స్²)/(1+ఎక్స్²)². ఇక

1 − యు² = ((1+ఎక్స్²)² − 4ఎక్స్²)/(1+ఎక్స్²)² = (1−ఎక్స్²)²/(1+ఎక్స్²)².

దీనికి వర్గమూలం తీస్తే |1−ఎక్స్²|/(1+ఎక్స్²). ఇక్కడ చాలామంది పరమ మూల్యాన్ని వదిలేసి, పైనున్న (1−ఎక్స్²)తో కొట్టివేసి, 2/(1+ఎక్స్²) అని ముగిస్తారు. అలా చేయకుండా ఉంచితే అవకలజం

(2/(1+ఎక్స్²)) · (1−ఎక్స్²)/|1−ఎక్స్²|.

|ఎక్స్| < 1 అయితే ఇది 2/(1+ఎక్స్²); |ఎక్స్| > 1 అయితే −2/(1+ఎక్స్²); ఎక్స్ = ±1 వద్ద అవకలజం లేదు, గ్రాఫు అక్కడ మొనదేలి ఉంటుంది. ఎక్స్ = టాన్ థీటా అని ప్రతిక్షేపిస్తే లోపలిది సైన్ 2థీటా అవుతుంది కాబట్టి జవాబు 2 టాన్⁻¹ ఎక్స్ అని చెప్పే పద్ధతి కూడా ఇక్కడే జారిపడుతుంది. సైన్⁻¹(సైన్ 2థీటా) = 2థీటా కావాలంటే 2థీటా −పై/2, పై/2ల మధ్య ఉండాలి, అంటే |ఎక్స్| ≤ 1 కావాలి. ఎక్స్ 1 దాటాక ఆ విలువ పై − 2 టాన్⁻¹ ఎక్స్, అందుకే రుణ గుర్తు.

ముందు ప్రతిక్షేపించి సూక్ష్మీకరించడం మేలా, నేరుగా శృంఖల నియమం వాడడం మేలా?

చేతిలో సమయం తక్కువగా ఉంటే ప్రతిక్షేపణ త్వరగా తెముల్తుంది. గుర్తుల విషయంలో నేను చైన్ రూల్‌నే ఎక్కువ నమ్ముతాను, ఎందుకంటే పరమ మూల్యం దానంతటదే కళ్ల ముందుకు వస్తుంది.

టాన్⁻¹((1+ఎక్స్)/(1−ఎక్స్)) చూడండి. డియు/డిఎక్స్ = 2/(1−ఎక్స్)², 1+యు² = 2(1+ఎక్స్²)/(1−ఎక్స్)², కాబట్టి అవకలజం 1/(1+ఎక్స్²). టాన్⁻¹ ఎక్స్ అవకలజమూ ఇదే. అంటే రెండు ప్రమేయాల మధ్య తేడా ఒక స్థిరరాశి. అయితే ఎక్స్ < 1 అయినప్పుడు ఆ తేడా పై/4, ఎక్స్ > 1 అయినప్పుడు −3పై/4. ఎక్స్ = 1 వద్ద ప్రమేయం నిర్వచితం కాదు గనుక ప్రదేశం రెండు ముక్కలుగా తెగింది; ఏ ముక్క స్థిరరాశి ఆ ముక్కదే.

సైన్⁻¹(సైన్ ఎక్స్) అంటే ఎక్స్ కదా, అవకలజం 1 కాదా?

−పై/2, పై/2ల మధ్య మాత్రమే. శృంఖల నియమం ప్రకారం అవకలజం కాస్ ఎక్స్/√(1−సైన్² ఎక్స్) = కాస్ ఎక్స్/|కాస్ ఎక్స్|. కొసైన్ ధనాత్మకమైన చోట 1, రుణాత్మకమైన చోట −1. గ్రాఫు రంపపు పళ్లలా ఎక్కుతూ దిగుతూ పోతుంది.

యు = ±1 అయిన బిందువు వద్ద అవకలజం ఎప్పుడూ ఉండదా?

సూత్రం అక్కడ పనిచేయదు. అంతమాత్రాన అవకలజం లేదని తీర్మానించకూడదు. ఈ తేడాను రెండు దగ్గరి ఉదాహరణలు పట్టిచూపుతాయి.

కాస్⁻¹(1−ఎక్స్²)లో 1−యు² = ఎక్స్²(2−ఎక్స్²), కాబట్టి అవకలజం 2ఎక్స్/(|ఎక్స్|√(2−ఎక్స్²)). సున్నాకు కుడి నుంచి వస్తే ఇది √2కు, ఎడమ నుంచి వస్తే −√2కు చేరుతుంది. సున్నా వద్ద అవకలజం లేదు.

కాస్⁻¹(1−ఎక్స్⁴)లో 1−యు² = ఎక్స్⁴(2−ఎక్స్⁴), దాని వర్గమూలం ఎక్స్²√(2−ఎక్స్⁴). ఎక్స్² ఎప్పుడూ రుణాత్మకం కాదు కాబట్టి ఈసారి పరమ మూల్యం అక్కర లేదు. అవకలజం 4ఎక్స్³/(ఎక్స్²√(2−ఎక్స్⁴)) = 4ఎక్స్/√(2−ఎక్స్⁴). ఎక్స్ = 0 వద్ద కొట్టివేత చెల్లదు గాని, నిర్వచనం ప్రకారం అవధి తీసి చూస్తే అక్కడ అవకలజం ఉంది, దాని విలువ సున్నా. బయటి ప్రమేయం గ్రాఫు నిట్టనిలువుగా ఉన్న చోట లోపలి ప్రమేయం తగినంత చదునుగా ఉంటే, రెండూ కలిసి నునుపైన వక్రాన్నే ఇస్తాయి.

కోణాన్ని డిగ్రీల్లో తీసుకుంటే సూత్రం మారుతుందా?

మారుతుంది. సైన్ అవకలజం కాస్ కావడం రేడియన్లలోనే నిజం. డిగ్రీల్లో తీసుకుంటే ఆరు సూత్రాలనూ 180/పై తో, అంటే సుమారు 57.2958తో గుణించాలి.

దీనికి ఆచరణలో ఉపయోగం ఏమిటి?

కోణం ఎంత వేగంగా మారుతోందో కనుక్కోవలసిన ప్రతి చోటా ఇది పనికొస్తుంది. సమతలమైన నేల మీద ఒక కెమెరా, దానికి 100 మీటర్ల దూరం నుంచి నిటారుగా పైకి లేస్తున్న బెలూన్ ఉన్నాయనుకోండి. బెలూన్ ఎత్తు హెచ్ మీటర్లు అయితే కెమెరా ఎత్తి చూడవలసిన కోణం టాన్⁻¹(హెచ్/100). హెచ్ కాలంతో మారుతుంది కాబట్టి, పైన కె తో చూసిన సూత్రం ప్రకారం, కోణం మారే రేటు 100/(10000+హెచ్²) · (డిహెచ్/డిటి). బెలూన్ 100 మీటర్ల ఎత్తులో ఉండి సెకనుకు 10 మీటర్ల వేగంతో లేస్తుంటే, అది సెకనుకు 0.05 రేడియన్లు, అంటే సుమారు 2.86 డిగ్రీలు. బెలూన్ అదే వేగంతో పైకి పోతున్నకొద్దీ కెమెరా తిరగవలసిన వేగం తగ్గుతుందని హారంలోని హెచ్² చెబుతోంది.

జవాబు సరైనదో కాదో సులువుగా ఎలా సరిచూసుకోవాలి?

మొదట గుర్తు చూడండి. సైన్⁻¹, టాన్⁻¹ ఆరోహణ ప్రమేయాలు కాబట్టి జవాబు గుర్తు, లోపలి ప్రమేయం అవకలజం గుర్తు ఒకటే కావాలి. కాస్⁻¹, కాట్⁻¹ అయితే వ్యతిరేకం కావాలి. తరువాత కాలిక్యులేటర్‌ను రేడియన్లలో ఉంచి ఒక విలువ వద్ద పరీక్షించండి. ముందు చూసిన సైన్⁻¹(2ఎక్స్/(1+ఎక్స్²)) లెక్కనే తీసుకుంటే, ఎక్స్ = 2 వద్ద 2ఎక్స్/(1+ఎక్స్²) = 0.8, సైన్⁻¹ 0.8 = 0.927295. ఎక్స్ = 2.01 వద్ద లోపలిది 0.797603కు తగ్గుతుంది, సైన్⁻¹ విలువ 0.923311 అవుతుంది. తేడాను 0.01తో భాగిస్తే −0.398. ఎక్స్ = 2 వద్ద −2/(1+ఎక్స్²) విలువ −0.4; పరమ మూల్యాన్ని వదిలేసి రాసిన 2/(1+ఎక్స్²) విలువ +0.4.